ఓండ్ర లేని గాడిద

తెర నిండా ఆ గాడిద పళ్ళికిలించి మొదటి పాట అందుకోగానే నాకు వెగటు పుట్టింది. పచ్చబారిన పళ్ళు, వాటి సందుల్లో ఇరుక్కున్న గడ్డి, తడితడి ముక్కు, ముక్కు మీద వాలి లేచే ఈగ, వెంట్రుక వెంట్రుకా విడిగా కనబడే చెవులు. ఇన్ని పెట్టినవాళ్ళు కళ్ళలో ప్రాణం పెట్టడం మాత్రం మరిచిపోయారు. ఆ మూతి కదులుతుంటే పాడుతున్నట్టు లేదు, పంటి నొప్పితో దవడ అటూ ఇటూ తిప్పుకుంటున్నట్టు ఉంది. గాజువాకలో మ్యాట్నీ ఆట అది. నా పక్క సీట్లో మా పిన్ని, ఆమె పక్కనుంచి వరస చివరిదాకా మా చర్చి సంఘంవాళ్ళు కూర్చున్నారు.

విదేశీ సినిమా కంపెనీలకు ఈమధ్య పట్టుకున్న రోగం ఇది. మా చిన్నప్పుడు చేత్తో బొమ్మలు గీసి, సందు దొరికితే పాట పెట్టి తీసిన సినిమాలన్నిటినీ మళ్ళీ పైకి తీస్తున్నారు. బొమ్మల స్థానంలో నిజం మనుషుల్నీ, నిజమని భ్రమపెట్టే కంప్యూటరు జంతువుల్నీ తెచ్చి పెడుతున్నారు. మా అమ్మాయి కోసం అలాంటివి కొన్ని చూశాను. ఒక్కదాంట్లోనూ రంగు లేదు. అంట్లు తోమిన నీళ్ళలో ముంచి తీసినట్టుంటాయి. బొమ్మల సినిమాలో చేప నవ్వితే మనమూ నవ్వేవాళ్ళం. ఇప్పుడు వాళ్ళ చేప జాలరిపేటలో పొద్దెక్కాక గంపలో మిగిలిన చేప చూసినట్టు చూస్తుంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. వీళ్ళకు వినాయకుడు చేతిలోనే ఉన్నాడు. ఉన్నవాణ్ణి పగలగొట్టి మరీ కోతిని చేస్తున్నారు.

నా తిట్లు నాతోనే ఉంచుకుని ఇంట్లో కూర్చునేదాన్నే. కానీ ఈసారి వాళ్ళు ముట్టుకున్నది మా గాడిదని.

నేను పెరిగింది ఉక్కునగరంలో, పిన్ని క్వార్టర్లో. అమ్మ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీలు ఎప్పుడుంటాయో తెలిసేది కాదు కనుక స్కూలు అయ్యాక నేను పిన్ని దగ్గరే ఉండేదాన్ని. పిన్నికి పిల్లల్లేరు. టౌన్‌షిప్ స్కూల్లో చిన్న తరగతులకు చెప్పేది, ఆదివారం చర్చిలో సండేస్కూలు నడిపేది. బాబాయి స్టీల్ ప్లాంటులో, బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పని. ఒకసారి ఆయన హార్బరు దగ్గర ఓడలవాళ్ళు తెచ్చిన సరుకు అమ్మే సందులోంచి ఒక వీడియో క్యాసెట్ పట్టుకొచ్చాడు. దాని మీద గాడిద బొమ్మ ఉంది. అందులో ఉన్నది బొమ్మల సినిమా, పాటల సినిమా, పూర్తిగా ఇంగ్లీషు.

రేవులో ఉప్పు మూటలు మోసే ముసలి గాడిద కథ అది. ఓడలు వెళ్ళిపోతుంటే గట్టు మీద నిలబడి పాడుతుంది. మాకెవరికీ ఇంగ్లీషు అంతగా అందేది కాదు. పిన్ని రిమోట్ పట్టుకుని కూర్చుని, ఆపి ఆపి కథ చెప్పేది. ఆమె చెప్పిన కథలో ఆ గాడిదకి యెరూషలేము వెళ్ళాలని కోరిక. ప్రభువుని వీపు మీద ఎక్కించుకుని పట్నంలోకి వెళ్ళే గాడిద తనే కావాలని దాని ఆశ. అసలు కథలో దానికి ఓడెక్కాలని మాత్రమే ఉందని నాకు కాలేజీకి వెళ్ళాక తెలిసింది. తెలిశాక కూడా పిన్ని కథే బాగుందనిపించింది. ఇప్పటికీ అదే అంటాను.

ఆ గాడిద గొంతు బాగుండేది కాదు. అదే దాని అందం. చుట్ట తాగి తాగి పాడైన గొంతులా జీరగా, పాట మధ్యలో శ్రుతి తప్పి, మళ్ళీ వచ్చి చేరేది. ప్రతి చరణం చివరా పాడలేక పాడలేక ఒక ఓండ్ర పెట్టేది. ఆ ఓండ్ర కిందనుంచి మొదలై, మధ్యలో చిట్లి, ఎవరూ అనుకోనంత పైకి పోయేది. నవ్వొచ్చేది, నవ్వుతుండగానే ఏడుపూ వచ్చేది. నేను దిండు మీద మొహం పెట్టుకుని ఏడ్చిన మొదటి సినిమా అది.

పిన్ని ఆ బాణీకి తెలుగు మాటలు కట్టింది. మట్టలాదివారం నాడు సండేస్కూలు పిల్లలు పాడుకోవడానికి. ప్రభువు గాడిదనెక్కి యెరూషలేములో అడుగుపెట్టినందుకు గుర్తుగా ఆ రోజు మా చర్చిలో పిల్లలు ఈత మట్టలు పట్టుకుని సెక్టారు రోడ్ల వెంట ఊరేగుతారు. బరువు నాది, దారి నీది, మెల్లగ పోదాం ప్రభువా, అని పల్లవి. ప్రభువా దగ్గర ఓండ్ర. ఆరాధనలో గాడిద కూతేమిటని పెద్దలు కొందరు ముఖం చిట్లించారు. అప్పటి పాస్టరుగారు మాత్రం, ఆ రోజు ప్రభువుని మోసింది అదే కదా, దానికో మాట లేకపోతే ఎలా అని కొట్టిపారేశారు.

గాడిద వేషం బాబాయిది. నైట్ షిఫ్టు దిగి తిన్నగా వచ్చేసేవాడు. కంపెనీ ఇచ్చిన బూడిదరంగు దుప్పటి వీపు మీద కప్పుకునేవాడు. సేఫ్టీ హెల్మెట్‌కి పిన్ని అట్టముక్కలతో చెవులు అతికించేది. మోకాళ్ళకు తువ్వాళ్ళు చుట్టుకుని, సేఫ్టీ బూట్లను చేతులకు తొడుక్కుని డెక్కలంటూ రోడ్డు మీద టకటకలాడించేవాడు. పిల్లలం వంతులవారీగా వీపెక్కేవాళ్ళం. ముఖానికి రంగు లేదు, ముసుగు లేదు. మీసాల మనిషి మీసాలతోనే ఉండేవాడు. ఆయన మా బాబాయని మరిచిపోయినవాళ్ళు లేరు, గాడిద కాదని అనుకున్నవాళ్ళూ లేరు. క్యాసెట్ పెట్టుకుని, రిమోట్‌తో వెనక్కీ ముందుకూ తిప్పి, ఆ ఓండ్ర అచ్చంగా పట్టేశాడు. ఆయన పెడితే వీధి చివర కుక్కలు కూడా లేచి నిలబడేవి.

నిజం మనిషిని పెట్టి తీస్తున్నందుకు కాదు నా కోపమంతా. మేమూ అదే పని చేశాం, ఒక దుప్పటితో.

తర్వాత్తర్వాత ఆ పాట సంఘంలో పాతుకుపోయింది. పాడిన పిల్లలు పెద్దవాళ్ళయి, వాళ్ళ పిల్లలు పాడారు. పాట మొదలుకాగానే అందరూ లేచి నిలబడాలి, మట్టలు ఊపాలి, ప్రభువా దగ్గర సంఘమంతా ఓండ్ర పెట్టాలి. అదొక కట్టుబాటయింది. కొత్త పాస్టర్లు వచ్చారు. అది దొరల కాలం నాటి కీర్తన అనుకున్నారు. పిన్ని ఎవరికీ ఏమీ చెప్పలేదు.

బాబాయి రిటైరయిన మరుసటేడు పోయాడు. చేతిలో ఫోను, ఫోనులో వీడియో ఇంకా రాని రోజులు. మట్టలాదివారం ఫోటోలున్నాయి. ఫోటోలకు గొంతుండదు. క్యాసెట్‌కి సముద్రపు గాలికి బూజు పట్టింది, దాన్ని ఆడించే మిషన్ ఎప్పుడో పాత సామాన్లవాడి బండెక్కింది. ఆపైన పిన్నికి గొంతులో గడ్డ లేచి ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు మాత్రం పోయింది. పూర్తిగా మూగబోలేదు, కానీ మాట్లాడితే రేకు మీద మేకుతో గీసినట్టు వచ్చేది. సండేస్కూలు మానేసింది, పాడటం మానేసింది. చర్చిలో పాటల వేళ పుస్తకం తెరిచి, పెదాలు కూడా కదపకుండా నిలబడేది. చేపలావిడతో బేరం కూడా వేళ్ళతోనే చేసేది.

అలాంటి పిన్ని, మా అమ్మాయి ఫోనులో కొత్త సినిమా ట్రైలరు చూపించగానే కుర్చీ ముందుకి జరుపుకుంది. గాడిదను చూసి ముఖం వికారంగా పెట్టింది. దీనికి చర్మరోగమా అని అడిగింది. కానీ వెనకాల ఆ బాణీ నాలుగు ముక్కలు వినిపించేసరికి నా చెయ్యి పట్టుకుంది.

"ఇందులో ఓండ్ర ఉంటాది గదా. అదొక్కటీ ఇనాల నాను. మీ బాబాయి దాన్ని సూసే గదా నేర్సుకున్నాడు. ఆయన గొంతు ఇంకెక్కడా మిగల్నేదు."

పాత సినిమా కోసం మా అమ్మాయి ఫోనంతా గాలించింది. ఎక్కడ చూసినా కొత్త గాడిద మొహమే. కొత్తది ఆడాలని కంపెనీవాళ్ళు పాతదాన్ని అన్నిచోట్లా తీయించేశారని అందులో ఎవరో వాపోయారట. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. కొత్త కోడలు కాపురానికొస్తోందని అత్తని వీధిలోకి గెంటేసినట్టుంది ఈ యవ్వారం.

ఆ ఆదివారం చర్చి ఆవరణలో పిన్ని ఆ ట్రైలరు ఇంకోసారి పెట్టించుకుని వింది. పక్కనే ఉన్న సంఘపెద్ద చెవిన పడింది. ఆయనా బాబాయితో పాటు ఫర్నేసు దగ్గర పనిచేసినవాడే, బాబాయిని బావా అని పిలిచేవాడు. బాణీ గుర్తుపట్టి ముఖం వెలిగిపోయింది. మరుసటి వారం ప్రకటనల వేళ లేచి, మన మట్టలాదివారం పాట ఇంగ్లీషు సినిమాలోకెక్కింది, దేవునికి మహిమ, అని చెప్పేశాడు. సంఘమంతా చప్పట్లు. మనల్ని ఒక్క మాట అడక్కుండా తీసుకోవడమేమిటని ఒకాయన గొణిగాడు. సువార్త ఎలా వెళ్ళినా మంచిదేనని ఇంకొకావిడ సర్దిచెప్పింది. నేను నోరు తెరవబోయాను. పిన్ని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ నా మోచేతి మీద గిల్లింది.

"సెప్పకు. ఆళ్ళందరూ ఒత్తారు. రానీ."

అలా ఒక వ్యాను మాట్లాడుకుని, ఆరాధన అయ్యాక అందరం సినిమాకి వచ్చాం. ముసలివాళ్ళు తెల్లబట్టల్లోనే వచ్చారు.

ఆ సినిమా గురించి ఏం చెప్పను. పాతదాంట్లో ఎర్రటి ఓడ ఉండేది, గుండ్రంగా పొగ వదిలేది. ఇందులో ఓడ తుప్పురంగు, సముద్రం సిమెంటు రంగు. ఓడరేవు ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, నిజం ఓడలు కూడా అంత దిగులుగా ఉండవని ఒట్టేసి చెప్పగలను. పాత గాడిద ఎందుకు పాడుతుందో ఎవరూ అడగలేదు. కొత్త గాడిదకి చిన్నప్పుడే తల్లి పోయిందట, ఆ బాధతో పాడుతుందట. అది చెప్పడానికి అరగంట తిన్నారు. ప్రతి జంతువూ ఇంకో జంతువుకి నీతులు చెబుతుంది. పాత పాటలు చాలామటుకు తీసేశారు. ఉన్నవాటిని సాగదీసి, కొత్తవి రెండు అతికించారు. గుడ్డకి అతుకు వేస్తే కనీసం చిరుగు మూసుకుంటుంది. ఇక్కడ చిరుగే లేదు, అతుకు కోసం కత్తిరించారు. ఇంత పరమ దరిద్రాన్ని అంత శ్రద్ధగా తీసినవాళ్ళని నేనింకెక్కడా చూడలేదు. మా వరసలో ఒక తాతగారు హాయిగా గురక పెట్టారు. ఆయన్ని చూసి అసూయపడ్డాను.

పిన్ని మాత్రం వెన్ను వాల్చకుండా కూర్చుంది. మధ్యమధ్యలో ఎప్పుడని నా వైపు చూసేది. ఇంకా రాలేదని తల ఊపేదాన్ని.

చివరికి గాడిద గట్టు మీదకొచ్చింది. మొదటి స్వరాలు వినబడ్డాయి. మా వరసంతా ఒక్క ఊపున లేచి నిలబడింది. ఎవరూ అనుకుని లేవలేదు. ఆ పాటకి కూర్చోవడం వాళ్ళకు తెలియదు, అంతే. మట్టల్లేవు గనక చేతిరుమాళ్ళు తీశారు, లేనివాళ్ళు ఉత్త చేతులే ఊపారు. వెనకనుంచి కూకోండి, సూడనివ్వండి అని కేకలు. మావాళ్ళు వినలేదు. తెర మీద ఇంగ్లీషు నడుస్తుంటే వీళ్ళు తెలుగులో అందుకున్నారు. ఎవరో పేరున్న గాయకుడట, తేనె పోసినట్టు పాడాడు. గాడిద గొంతులో తేనె ఏమిటి. ఉప్పు మోసిన గాడిద అది. పైగా బాణీని ఎంత సాగదీశారంటే మావాళ్ళు ముందుకు వెళ్ళిపోతున్నారు, గాడిద వెనకబడిపోతోంది.

ప్రభువా దగ్గరకొచ్చాం. వరసంతా, ముందుపళ్ళు లేని సంఘపెద్దతో సహా, గొంతెత్తి ఓండ్ర పెట్టింది. హాలు గొల్లుమంది. ఎవరో ఈల వేశారు. పిన్ని ఒక్కతే పెట్టలేదు. నా చెయ్యి నొప్పిపుట్టేలా నొక్కి, మావాళ్ళ వైపు తిరిగింది.

"ఉండండర్రా. మీరాపండి. దాన్ని రానీండి."

ఆ రేకు గొంతు పక్క సీటుకే వినబడలేదు. ఓండ్ర తగ్గేసరికి తెర మీద వయొలిన్లు మోగుతున్నాయి. గాడిద మూతి మూసుకుని సముద్రం వైపు బుద్ధిగా చూస్తోంది. తర్వాతి చరణం మొదలైంది. దాని చివరా వయొలిన్లే. మావాళ్ళు మళ్ళీ ఓండ్ర పెట్టారు, పిన్ని మళ్ళీ ఆపబోయింది. పాట అయిపోయింది. అందరూ నవ్వుకుంటూ కూర్చున్నారు. పిన్ని అందరికంటే చివర కూర్చుని నా చెవి దగ్గరకు వంగింది.

"మనోళ్ళ గోల్లో నాకినబడ్నేదు. నీకినబడిందేటి?"

వినబడిందని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. లేదు పిన్నీ, వాళ్ళు పెట్టలేదు అన్నాను. ఆమె నమ్మలేదు. ఆఖర్న పెట్టి ఉంటారంది. సినిమా అయిపోయాక కూడా లేవలేదు. పేర్లు పోతూనే ఉన్నాయి. అదే పాట ఈసారి డప్పులతో వచ్చింది, అందులోనూ లేదు. చీపుర్లతో వచ్చిన అమ్మాయిలు మా కాళ్ళ కింద పాప్‌కార్న్ ఊడవడం మొదలుపెట్టాక పిన్ని బ్యాగు చేతిలోకి తీసుకుంది.

ఆ కంపెనీలో ఎందరు పనిచేసి ఉంటారో ఆ పేర్లు చూస్తేనే తెలుస్తుంది. ఒక్కరికీ ఆ ఓండ్ర అవసరమనిపించలేదా? ఈగను గుర్తుపెట్టుకున్నారే. పళ్ళ మధ్య గడ్డిని గుర్తుపెట్టుకున్నారే. నిజం గాడిద, నిజం గాడిద అని ఇంత హడావుడి చేసి, నిజం గాడిద చేసే ఒకే ఒక్క చప్పుడు తీసేశారు. అందంగా లేదని కాబోలు. నాకు అసహ్యంతో నోరు చేదెక్కింది. వ్యాను ఎక్కుతూ అదే మాట పైకే అనేశాను.

వ్యానులో మిగతావాళ్ళంతా పండగ చేసుకుంటున్నారు. వాళ్ళకు సినిమా నచ్చింది. తమ పాట అంత పెద్ద తెర మీద రావడం నచ్చింది. సంఘపెద్ద ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి తీర్పు చెప్పాడు.

"బాగానే తీసేరు. ఓండ్ర కాడ తప్పేరు. సరీగ్గా నేర్సుకోనేదు."

అందరూ ఔనన్నారు. ఇంకెప్పుడైనా అయితే నేనూ నవ్వేదాన్ని. పక్కన పిన్ని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సిగ్నల్ దగ్గర వ్యాను ఆగింది. పక్కన స్టీల్ ప్లాంటు నుంచి ఉక్కు చుట్టలు వేసుకొస్తున్న లారీ ఆగి ఉంది. పిన్ని ఆ చుట్టలకేసి చాలాసేపు చూసింది. గొంతు మీది ఆపరేషన్ మచ్చను ఎప్పుడూ కొంగుతో కప్పుకునే మనిషి, కొంగు తీసి అక్కడ చెయ్యి పెట్టుకుంది.

ఓండ్ర పెట్టింది.

కిందనుంచి మొదలైంది, జీరగా. మధ్యలో చిట్లింది. చిట్లినచోట ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. రేకు మీద గీసినట్టుండే ఆ పాడు గొంతు, పాడైన ఆ చోటునుంచే పైకి పోయింది. నన్ను దిండు మీద ఏడిపించిన గొంతు అది. దుప్పటి కిందనుంచి నా వేలాడే కాళ్ళ మధ్యగా వినబడిన గొంతు. బాగున్న గొంతుతో అన్నేళ్ళు ఆమె పాడిందే గానీ అది ఆమెకెప్పుడూ రాలేదు.

డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నాడు. సంఘపెద్ద తల వంచుకున్నాడు. ఎవరితోనో కాదు, తన చేతులతో చెప్పుకున్నట్టు అన్నాడు.

"మా బావే."

నాకు ఏడుపు ఆగలేదు. పచ్చ లైటు పడింది, వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి. పిన్ని, ఎవరూ అడగకుండానే, ఇంకోసారి పెట్టింది.